నూనె పోస్తే పాలలో వెన్న పెరగదు

ప్రశ్న: మా ముర్రా గేదె ఈని రెండు నెలలైంది. రోజుకు 8 లీటర్లు ఇస్తోంది. వెన్న 7 శాతం నుంచి 5.2కు పడిపోయింది. షాపు అతను చెప్పాడని పూటకు పావు లీటరు పామాయిల్, లివర్ టానిక్ పోస్తున్నాం. గడ్డి రేటు పెరగడంతో తగ్గించి, 4 కిలోల తవుడు, నూకల జావ పెడుతున్నాం. నాకు రక్తంలో ట్రైగ్లిజరైడ్లు (ఒక రకం కొవ్వు) 280 ఉన్నాయని నూనె తగ్గించమన్నారు. గేదెకేమో నూనె పోసినా వెన్న రావడం లేదు. లివర్ పాడైందా?
– ఒక రైతు, ఆనందపురం మండలం, విశాఖపట్నం జిల్లా

జవాబు: లివర్ కాదండీ, మీ మేతే తేడా. నూనె ఈ పూటే ఆపేయండి.

పాల వెన్నలో 97–98 శాతం ట్రైగ్లిజరైడ్లే. వాటికి కావలసిన కొవ్వు ఆమ్లాల్లో దాదాపు సగం పొదుగే తయారు చేసుకుంటుంది. దానికి ముడిసరుకు నూనె కాదు, గడ్డి. పెద్ద పొట్టలో సూక్ష్మజీవులు పీచును పులియబెడితే వచ్చే అసిటేట్‌తో పొదుగు వెన్న కడుతుంది. మీ సంగతి వేరు. అన్నం, తీపి ఎక్కువైతే మీ కాలేయం దాన్నీ ట్రైగ్లిజరైడ్లుగా మారుస్తుంది, ఒళ్లు దాచుకుంటుంది. మీ 280 గురించి డాక్టరు చెప్పినట్టే చేయండి. పరగడుపున 150 లోపు ఉండాలి.

ఇక లెక్క చూడండి. ఈ గేదె తినే పొడి మేత సుమారు 12 కిలోలు. అందులో కొవ్వు 5–6 శాతం, అంటే 600–700 గ్రాములు దాటకూడదు. నూనె తీయని తవుడైతే 4 కిలోల్లోనే అర కిలో దాకా నూనె ఉంటుంది. పైన మీ అర లీటరు! పీచును అరిగించే సూక్ష్మజీవులు చచ్చి ఊరుకుంటాయి. జావతో పొట్ట పులిసిపోతుంది. పేడ జారుగా వేస్తోందా? నెమరు తగ్గిందా? ఈ రెండూ ఉంటే ఇక సందేహం అక్కర్లేదు.

వరిగడ్డి రోజుకు 6 కిలోలు, అంగుళం రెండు అంగుళాల ముక్కలుగా కోసి పెట్టండి. పొడి చేయొద్దు. ముందు గడ్డి, తర్వాతే దాణా. పచ్చగడ్డి 15 కిలోలు. తవుడును ఐదు రోజుల్లో మెల్లగా కిలోన్నరకు దించి, నూనె తీసిన గింజల చెక్కతో కూడిన దాణా కలిపి మొత్తం 5.5 కిలోలు, మూడు పూటలుగా పెట్టండి. జావ వద్దు. వంటసోడా పూటకు 50 గ్రాముల చొప్పున రెండు పూటలా, 10 రోజులు దాణాలో కలపండి. ఖనిజ మిశ్రమం రోజూ 50 గ్రాములు.

టానిక్ అమ్మిన షాపు అతను మీ గేదె పేడ చూశాడా? గడ్డి మీద మిగిల్చిన డబ్బు నూనెకూ సీసాలకూ పోయింది, పైగా వెన్నా పోయింది. ఈనిన కొత్తలో గేదె చిక్కి, దాణా వదిలేస్తే మాత్రం పశువైద్యశాలలో మూత్రానికి కీటోన్ (ఒంట్లో కొవ్వు అతిగా కరిగితే వచ్చే పదార్థం) పరీక్ష చేయించండి. ఊహ మీద మందులు పోయొద్దు.

ఇంకో మాట. చివరి ధారలు దూడకు వదిలేస్తున్నారా? చిక్కటి వెన్నంతా వాటిలోనే. దూడకు మొదటి ధారలు వదిలి, చివరివి మీరు పిండుకోండి. పాల కేంద్రంలో శాంపిల్ తీసేముందు క్యాన్ అడుగుదాకా కలపమనండి. మూడు వారాలకూ వెన్న 6 శాతం దాటకపోతే నాలుగు చన్నుల పాలూ విడివిడిగా తెచ్చి, లోలోపల పొదుగువాపు ఉందేమో పరీక్ష చేయించండి.