మెడికల్ కాలేజీ దరఖాస్తులో ఏం రాయాలి, ఏం రాయనక్కరలేదు: పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి అమ్మడికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. అమ్మ డిప్రెషన్ గురించి రాయాలా వద్దా, మొదటి ఏడాది ల్యాబ్ రిపోర్టు విషయంలో కాలేజీ తీసుకున్న చర్య సంగతి చెప్పాలా వద్దా అని అడిగావు. ఈ రెండూ ఒకే తరహా ప్రశ్నలు కావు.

రెండోది నీ ఇష్టానికి వదిలిన విషయం కాదు. చదువులో వెనకబడినందుకు గానీ, ప్రవర్తన విషయంలో గానీ ఏ కాలేజీ చర్య తీసుకున్నా, దానివల్ల నీ చదువు ఆగకపోయినా, తర్వాత ట్రాన్‌స్క్రిప్టు (మార్కుల జాబితా) నుంచి తొలగించినా, అమెరికాలో చాలా మెడికల్ కాలేజీలకు కలిపి పెట్టుకునే ఏమ్‌కాస్ దరఖాస్తులో "అవును" అనే చెప్పాలి. వివరణకు 1,325 అక్షరాల చోటు ఉంటుంది. పక్క అమ్మాయి గ్రాఫు వాడుకున్నానని, ఆ తర్వాత నీ పద్ధతి ఎలా మార్చుకున్నావో రాసి ఆపేయి. ప్రొఫెసర్ కఠినుడన్న మాట రానీయకు. చేసిన తప్పును క్షమించేవాళ్లు ఉంటారు గానీ, దాచిన సంగతి బయటపడితే నిన్ను నమ్మేవాళ్లు ఉండరు.

అమ్మ సంగతి అలా కాదు, తల్లీ. జబ్బు మీ అమ్మది, దాన్ని చెప్పే హక్కూ ముందు ఆమెదే. రాసిన ప్రతి వాక్యం గురించీ ఇంటర్వ్యూలో అడగవచ్చు. ఇక్కడి ఒక మెడికల్ కాలేజీకి నేను ఇంటర్వ్యూలు చేసిన రోజుల్లో, ఒక అబ్బాయి తండ్రి తాగుడు గురించి చాలా నిజాయితీగా రాశాడు. నేను మెల్లగానే అడిగాను. అతని గొంతు పూడుకుపోయింది, మిగిలిన సమయమంతా నేను అతన్ని ఓదార్చడానికే సరిపోయింది. అతనిలోని మంచి విద్యార్థిని నేను చూడలేకపోయాను, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. ముక్కూమొహం తెలియని మనిషి ముందు నిలకడగా చెప్పలేని విషయం ఇంకా పచ్చి గాయమేనని గుర్తుపెట్టుకో.

2024 ప్రవేశాల నుంచి ఏమ్‌కాస్‌లో, అంతకుముందున్న "వెనకబడిన నేపథ్యం" ప్రశ్న తీసేసి, జీవితంలో ఎదురైన అడ్డంకుల గురించి రాసుకోవడానికి మరో 1,325 అక్షరాల వ్యాసం పెట్టారు. అది ఐచ్ఛికం. ఖాళీగా వదిలితే నష్టమేమోనన్న భయంతో కష్టాలు వెతుక్కోకు.

తెలుగువాళ్లమని, వలస వచ్చిన కుటుంబమని చెప్పుకోవడం గురించి కూడా సందేహపడ్డావు. 2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ప్రవేశాల్లో జాతిని జాతిగా లెక్కలోకి తీసుకోకూడదు; కానీ ఆ జాతి నీ జీవితాన్ని ఎలా మలిచిందో నువ్వు రాస్తే కాలేజీ దాన్ని చూడవచ్చు. కాబట్టి నేపథ్యం పేరు చెప్పి ఊరుకోకుండా, అందులో నువ్వేం చేశావో చూపించు. డయాలసిస్ దగ్గర అమ్మమ్మ "నీరసంగా ఉందే" అంటే, నర్సుకు "అలసట" అని చెప్పి వదిలేయకుండా, కాళ్లలో సత్తువ లేదా, కళ్లు తిరుగుతున్నాయా అని పదహారేళ్ల పిల్లవు ఆమెనే తిరిగి అడిగి, బీపీ చూడమన్నావు. ఆ రోజు నేను పక్కనే ఉన్నాను. 5,300 అక్షరాల ప్రధాన వ్యాసానికి అదే మొదలు కావాలని నా కోరిక. నీ ప్రతిలో అది చివరి పేరాలో ఒక్క వాక్యంగా మిగిలిపోయింది.

అమ్మ గురించి రాయాలనే అనిపిస్తే, ఆ పేరా ముందు ఆమెకు చదివి వినిపించు. ఆమె సరేనన్నా, జబ్బు పేరు లేకుండా "ఇంట్లో బాధ్యతలు పెరిగిన ఏడాది" అని రాస్తే సరిపోతుందేమో చూడు. ఆ సెమిస్టరులో మార్కులు తగ్గిన కారణం చెప్పడానికి అంత చాలు. మే నెలాఖరులో దరఖాస్తులు తీసుకోవడం మొదలవుతుంది కాబట్టి, కొత్త ప్రతి వచ్చే ఆదివారానికల్లా పంపు.

ప్రేమతో,
పెద్దమ్మ