చెల్లెలు మాట్లాడటం మానేసింది

ప్రశ్న: డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్నాను. స్త్రీ పురుష సమానత్వం కోసం మా కాలేజీలో ఏర్పడిన విద్యార్థి బృందానికి నేను కన్వీనర్‌ని. సమావేశాలకు అమ్మాయిలే వస్తున్నారు, అబ్బాయిలు రావడం లేదు. మా చెల్లెలు కూడా ఇదే కాలేజీలో మొదటి సంవత్సరం. నా స్నేహితుడొకడు హాస్టల్లో ఆమె గురించి వెకిలిగా మాట్లాడాడని తెలిసి, గొడవ ఎందుకని, సాయంత్రం నాటకం రిహార్సల్స్‌కు వెళ్లడం మానేయమన్నాను. నాన్నగారూ నా మాటే ఖాయం చేశారు. అప్పటి నుంచి తను నాతో మాట్లాడటం లేదు. అది మెల్లగా సర్దుకుంటుంది. అబ్బాయిలను సమావేశాలకు ఎలా రప్పించాలో చెప్పండి.

జవాబు: సమావేశాలకు ఎంతమంది వస్తున్నారన్నది నాకు ముఖ్యంగా తోచడం లేదు. ‘మెల్లగా సర్దుకుంటుంది’ అని మీరు దాటేసిన మాట దగ్గరే నేను ఆగిపోయాను.

నోరు జారింది మీ స్నేహితుడు. నాటకం పోగొట్టుకున్నది మీ చెల్లెలు. అతడిని మీరు ఒక్క మాటైనా అన్నట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. అన్నగా ఆమెను కాపాడానని మీరు అనుకుంటున్నారు. నిజానికి మీరు కాపాడుకున్నది స్నేహాన్ని. పరువు, రక్షణ అనే పేర్లతో మన ఇళ్లలో ఆడపిల్లల దారులు ఇలాగే ఒక్కొక్కటిగా మూసుకుపోతాయి. ఈసారి మూసింది సమానత్వం గురించి మాట్లాడే అన్నయ్య కావడం ఆ పిల్లకు మరింత బాధ కలిగించి ఉంటుంది.

1989 డిసెంబర్ 6న కెనడాలోని మాంట్రియల్‌లో ఒకడు తుపాకితో ఇంజినీరింగ్ కాలేజీలోకి చొరబడి 14 మంది స్త్రీలను చంపాడు. ఆ దారుణం తర్వాత, 1991లో, ఆ దేశపు మగవాళ్లు కొందరు తెల్ల రిబ్బన్ ఉద్యమం మొదలుపెట్టారు. స్త్రీలపై హింసకు పాల్పడం, దాన్ని సమర్థించం, చూస్తూ మౌనంగా ఉండం అని వాళ్ల ప్రతిజ్ఞ. మొదటి రెండింటికీ ఎవరైనా వెంటనే చేయెత్తుతారు. మూడోదాన్ని నిలబెట్టుకోవాలంటే పక్కన కూర్చున్న స్నేహితుడితో పేచీ పెట్టుకోవాలి. మీరు తప్పించుకున్నది దాన్నే.

ముందు చెల్లెలి దగ్గరికి వెళ్లండి. ‘నీ మంచికే చెప్పాను’ అనే మాట ఎత్తకుండా క్షమాపణ అడగండి. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. చేస్తానంటే వెంట వెళ్లండి, వద్దంటే ఆమెకు తెలియకుండా మీరు చేయవద్దు. తర్వాత నాన్నగారికి, ‘నేను చెప్పింది తప్పు, తను రిహార్సల్స్‌కు వెళ్లాలి’ అని ఆమె ఎదుటే చెప్పండి. మీ మాట వల్ల వచ్చిన ఆంక్షను తీసేయించవలసింది మీరే. ఆయన కోప్పడితే పడండి.

ఇక ఆ స్నేహితుడు. చెల్లెలు ఒప్పుకుంటే అతడితో ఒంటరిగా మాట్లాడండి, చేయి చేసుకోవద్దు. ‘మా చెల్లెలిని అంటావా’ అని మాత్రం అనకండి. అలా అంటే, అన్నయ్య పక్కన లేని అమ్మాయిని ఏమన్నా ఫరవాలేదని అతడికి అర్థమవుతుంది. ఏ అమ్మాయి గురించీ అలా మాట్లాడటం మీకు నచ్చదని చెప్పండి. స్నేహం పోతే పోనివ్వండి.

మీరు అడిగినదానికి నా దగ్గర ఉన్న జవాబు కూడా ఇదే. 1993లో అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయంలో క్రీడాకారులతో ఒక శిక్షణ మొదలైంది. అందులో అబ్బాయిలను దోషులుగా నిలబెట్టలేదు. తోటివాడు హద్దు దాటితే పక్కనున్న స్నేహితుడిగా ఏం చేయవచ్చో వాళ్లచేతే ఆలోచింపజేశారు. అలాంటి చర్చ మీ హాస్టల్ గదిలో నలుగురితో జరిగినా చాలు. అయితే చెల్లెలికి న్యాయం చేసేవరకు మీరు కన్వీనర్‌గా వేదిక ఎక్కకపోవడం మంచిది.

ఆమె పాత్రను ఇంకెవరికైనా ఇచ్చేశారేమో ఈ రోజే కనుక్కోండి.