తప్పెటగుళ్ళు ఒక్కరోజు ప్రదర్శనతో రావు

మాస్టారూ, వార్షికోత్సవానికి మన ఉత్తరాంధ్ర జానపద నృత్యమైన తప్పెటగుళ్ళ బృందాన్ని పిలిస్తే పిల్లలు ఈలలు వేసి ఊరుకున్నారని, సిలబస్ టెన్షన్‌లో నేర్పే టైమ్ లేదని హెడ్మాస్టర్ గారు అంటున్నారని రాశారు.

ఈసారి బృందమంతా వద్దు. యాదవులు తరతరాలుగా నిలబెట్టుకొస్తున్న కళ ఇది. విజయనగరం చుట్టుపక్కల పల్లెల్లో అడిగి, పెద్ద కళాకారుణ్ణి ఒక్కరినే వారానికో ఆటల పీరియడ్‌కి రప్పించండి. తప్పెట అనే వాద్యాన్ని గుండెల మీద కట్టుకుని రెండు చేతులా వాయిస్తూ, పాడుతూ, ఎగరాలి. మూడూ ఒకేసారి అంటే పిల్లలు బెదిరిపోతారు. ముందు అడుగులు, తర్వాత ఛాతీ మీద ఉత్త చేతులతో దరువు, ఆపైన పాట. దరువు కుదిరాకే తప్పెట కట్టండి. ఆడపిల్లల్ని తప్పకుండా కలపండి.

సిలబస్ మాటకు, జముకు అనే తీగ వాద్యం వాయిస్తూ కథను పాడి చెప్పే జముకుల కథ మంచి జవాబు. తెలుగు వాచకంలోని ఏదో ఒక కథను, ఒకరు చెబుతుంటే ఇద్దరు వంత పాడేటట్టు పిల్లల చేతే రాయించండి, మన యాసలోనే. ధ్వని పాఠం రోజున జముకు తెప్పించి చూపించండి: తీగ బిగిస్తే శ్రుతి పెరుగుతుంది, వదులు చేస్తే తగ్గుతుంది. సైన్సు మాస్టారు కూడా మీ వైపు వచ్చేస్తారు.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. ఆ కళాకారుడికి శాలువాతో సరిపెట్టకండి. కూలికి వెళ్ళే మనిషైతే మీ బడికి వచ్చిన పూట పని పోతుంది. బస్సు ఛార్జీ, రోజు కూలికి తగ్గకుండా పారితోషికం ముందే మాట్లాడి చేతికివ్వండి.