నమాజులో మనసు నిలవకపోతే

ప్రశ్న: నాకు చిన్న కిరాణా దుకాణం ఉంది. అయిదు పూటలా నమాజు చదువుతాను. కానీ తక్బీర్ (‘అల్లాహు అక్బర్’) చెప్పి చేతులు కట్టుకోగానే ఎవరెవరు ఎంత అరువు పెట్టారో, ఏ సరుకు అయిపోయిందో ఒక్కొక్కటిగా గుర్తుకు వస్తాయి. నమాజు ముగిస్తూ సలాం చెప్పేసరికి ఏ సూరా (ఖుర్ఆన్ అధ్యాయం) చదివానో కూడా జ్ఞాపకం ఉండదు. మస్జిదులో పెద్దవాళ్ల పక్కన నిలబడితే రుకూ (నడుము వంచడం), సజ్దాలు (నుదురు నేలకు ఆనించడం) నిదానంగా చేస్తాను. ఇంట్లో ఒక్కడినే చదివితే నాలుగు రకాతులు (నమాజులోని విడతలు) రెండు నిమిషాల్లో అయిపోతాయి. మాది తెలుగు మాట్లాడే నూర్‌బాషా కుటుంబం కాబట్టి అరబీ అర్థం నాకు తెలియదు. ఇలాంటి నమాజును అల్లాహ్ స్వీకరిస్తాడా? పైకి కనిపించడానికి చదవడం కంటే కొన్నాళ్లు మానేయడమే నిజాయితీ అనిపిస్తోంది. – ఒక సోదరుడు, నంద్యాల

జవాబు: మీ ఉత్తరంలోని చివరి మాట నుంచే మొదలుపెట్టాలి. మానేయడం ఈ జబ్బుకు మందు కాదు. జనాన్ని దృష్టిలో పెట్టుకొని సత్కార్యం మానుకోవడం కూడా ప్రదర్శనాబుద్ధిలో భాగమేనని హిజ్రీ రెండో శతాబ్దపు భక్తాగ్రేసరుడు ఫుజైల్ బిన్ ఇయాజ్ (రహ్మ – అల్లాహ్ ఆయనను కరుణించుగాక) హెచ్చరించారు. చూసేవాళ్ల కోసం చదివేవాడూ, చూసేవాళ్లకు భయపడి మానేసేవాడూ ఇద్దరూ జనాన్నే లెక్కలోకి తీసుకుంటున్నారు.

ఇక స్వీకారం సంగతి. షరతులు, విధులు సక్రమంగా నెరవేర్చి చదివిన నమాజు, మధ్యలో ఆలోచనలు వచ్చినంత మాత్రాన చెల్లకుండా పోదని ధర్మవేత్తల్లో అత్యధికుల నిర్ణయం. దాన్ని తిరిగి చదవనక్కర్లేదు. అయితే బాధ్యత తీరడం వేరు, ప్రతిఫలం దక్కడం వేరు. ఒక మనిషి నమాజు ముగించుకొని వెళ్లేసరికి అతని ఖాతాలో దానిలో పదో వంతే రాయబడవచ్చు, తొమ్మిదో వంతో, ఎనిమిదో వంతో, అలా సగం వరకూ రాయబడవచ్చు అని దైవప్రవక్త (సఅసం – ఆయనపై అల్లాహ్ కారుణ్యం, శాంతి కలుగుగాక) చెప్పినట్లు ఆయన సహచరుడు హజ్రత్ అమ్మార్ బిన్ యాసిర్ (రజి – అల్లాహ్ ఆయన పట్ల ప్రసన్నుడగుగాక) ఉల్లేఖించిన హదీసు (ప్రవక్త మాటల, చేతల ఉల్లేఖనం) అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. వ్యాపారి అయిన మీకు ఈ భాష ఇట్టే అర్థమవుతుంది. పదో వంతు దగ్గర ఆగిపోయానన్న దిగులు సమంజసమే, కానీ ఆ దిగులుతో ఆ పదో వంతును కూడా వదులుకునే వ్యాపారి ఉండడు.

ఆలోచన రావడమే నేరమని మాత్రం అనుకోకండి. ఒకసారి మదీనాలో అస్ర్ (సాయంత్రపు) నమాజు ముగిసి సలాం చెప్పగానే దైవప్రవక్త (సఅసం) గబగబా లేచి, కూర్చున్నవారిని దాటుకుంటూ తమ సతీమణుల గదుల్లో ఒకదానిలోకి వెళ్లారు. అనుచరులు కంగారుపడ్డారు. తిరిగి వచ్చాక ఆయన, ఇంట్లో కొంత బంగారం మిగిలి ఉన్న సంగతి గుర్తుకు వచ్చిందని, అది తమను ఆపి ఉంచడం ఇష్టం లేక పంచిపెట్టమని చెప్పి వచ్చానని వివరించారు. హజ్రత్ ఉఖ్బా బిన్ హారిస్ (రజి) చెప్పిన ఈ సంఘటన బుఖారీ హదీసు గ్రంథంలో ఉంది. మరోసారి సహచరుడు అబూ జహ్మ్ (రజి) కానుకగా ఇచ్చిన చారల దుప్పటి కప్పుకొని నమాజు చేస్తే దాని నగిషీ మీదికి చూపు పోయింది. నమాజు కాగానే దాన్ని ఆయనకే తిప్పి పంపి, బదులుగా ఆయన దగ్గరున్న సాదా దుప్పటి తెమ్మన్నారు. ఇచ్చినవారి మనసు నొచ్చుకోకూడదనే బదులు అడిగారని వ్యాఖ్యాతలు అంటారు. ఈ రెండు చోట్లా ఆయన చేసిన పని గమనించండి. మనసుతో వాదం పెట్టుకోలేదు. మనసును లాగిన వస్తువునే పక్కకు తప్పించారు.

మీ విషయంలో ఆ వస్తువు అరువు ఖాతా. అజాన్ వినబడగానే గల్లా పెట్టె మూసి పరుగెత్తకుండా, ఆ పూట తేలని లెక్కలను ఒక చీటీ మీద రాసి పెట్టి, ఆ తరువాత వుజూకు (నమాజు ముందు ముఖం, చేతులు, కాళ్లు కడుక్కోవడానికి) వెళ్లండి. సెల్‌ఫోను దుకాణంలోనే ఉండనివ్వండి. భోజనం ముందు పెట్టి ఉన్నప్పుడూ, మలమూత్రాలను బిగపట్టుకొనీ నమాజు చేయవద్దని ముస్లిం అనే హదీసు గ్రంథం చెబుతున్నది కూడా ఈ కోవలోనిదే.

ఇప్పుడు మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన ఆ రెండు నిమిషాల మాటకు వస్తాను. నా దృష్టిలో మీ సమస్య అంతా అక్కడే ఉంది. నాలుగు రకాతులకు రెండు నిమిషాలంటే ఒక్కో రకాతుకు 30 సెకన్లు. అంతలోనే ఖుర్ఆన్ తొలి సూరా ఫాతిహాలోని 7 ఆయతులు (వాక్యాలు), చదవాల్సిన రకాతుల్లో దాని తరువాత మరో సూరా, ఒక రుకూ, లేచి నిటారుగా నిలబడటం, రెండు సజ్దాలు, వాటి నడుమ కూర్చోవడం పూర్తికావాలి. ఆ వేగంలో ఎంతటి భక్తుడికైనా మనసు నిలవదు. అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ప్రసిద్ధ హదీసు ఒకటి బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. ఒక వ్యక్తి మస్జిదులోకి వచ్చి నమాజు చదివి, దైవప్రవక్త (సఅసం)కు సలాం చేశాడు. ఆయన జవాబిచ్చి, “వెళ్లి మళ్లీ నమాజు చేయి, నీవు నమాజు చేయలేదు” అన్నారు. ఇలా మూడుసార్లు జరిగింది. ఇంతకన్నా బాగా నాకు రాదు, నేర్పండి అని అతను వేడుకున్నాక ఆయన నేర్పారు: రుకూలో శరీరం కుదుటపడేవరకు ఉండు, లేచి పూర్తిగా నిటారుగా నిలబడు, సజ్దాలో కుదుటపడేవరకు ఉండు, లేచి కుదురుగా కూర్చో, నమాజంతా ఇలాగే చేయి. ఆ మనిషిని ఆయన అప్పుడు హృదయం గురించి ఏమీ అడగలేదు. వెన్ను, మోకాళ్లు, నుదురు కుదుటపడనిచ్చారు. ఖుషూ (నమాజులో వినమ్రమైన ఏకాగ్రత) కోసం కన్నీళ్లు రావాలని ఎదురుచూడటం కంటే ముందు ఈ కుదురు నేర్చుకోవాలి. (రంజాను రాత్రుల్లో చేసే తరావీహ్ నమాజులలో, ఆయతుల చివర వచ్చే ‘యఅలమూన్, తఅలమూన్’ తప్ప మరేమీ వినబడనంత వేగంగా సాగే ఖిరాఅత్‌ను (పారాయణాన్ని) గొప్పగా చెప్పుకునే మన మస్జిదుల కమిటీలకు కూడా ఈ హదీసు వినిపించాల్సి ఉంది.)

అరబీ రాదన్న అడ్డంకి మీరు అనుకున్నంత పెద్దది కాదు. నమాజులోని పారాయణం అరబీలోనే జరగాలి, కానీ అందులో రోజూ పలికే పదాలు కొద్దివే. ఫాతిహా, రుకూ సజ్దాల తస్బీహ్‌లు (స్తుతి వాక్యాలు), కూర్చుని చదివే అత్తహియ్యాత్, ప్రవక్త కోసం ప్రార్థించే దరూద్, రెండు మూడు చిన్న సూరాలు. తెలుగు అనువాదం దగ్గర పెట్టుకుంటే వాటి అర్థం కొద్ది వారాల్లో పట్టుబడుతుంది. ఫాతిహాతో మొదలుపెట్టండి. నమాజును నాకూ నా దాసునికీ మధ్య రెండు భాగాలుగా పంచానని అల్లాహ్ చెప్పినట్లు ముస్లిం గ్రంథంలోని హదీసు తెలుపుతోంది. దాసుడు “సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే స్తోత్రం” అనగానే “నా దాసుడు నన్ను స్తుతించాడు” అని ఆయన అంటాడు. “మాకు రుజుమార్గం చూపు” అనగానే “ఇది నా దాసునిది, అతను అడిగింది అతనికి లభిస్తుంది” అంటాడు. ఆ సమాధానానికి చోటిస్తూ ప్రతి ఆయతు దగ్గర ఒక్క శ్వాస ఆగి చదవండి. ఆ తరువాత సూరాలను మారుస్తూ ఉండండి. ఏళ్ల తరబడి “ఖుల్ హువల్లాహ్” అనే చిన్న సూరా ఒక్కటే చదివేవారికి నోరు దాని దారిన అది పోతుంది, మనసు దుకాణానికి పోతుంది.

ఇంత చేసినా ఆలోచనలు వస్తాయి. తాయిఫ్‌కు చెందిన సహాబీ (ప్రవక్త సహచరుడు) ఉస్మాన్ బిన్ అబిల్ ఆస్ (రజి) ఇదే ఫిర్యాదుతో వచ్చినప్పుడు, అది ఖిన్‌జబ్ అనే షైతాను పని అని, అనిపించినప్పుడు అల్లాహ్ శరణు కోరి ఎడమవైపు మూడుసార్లు తేలికగా ఉమ్మినట్లు ఊదమని దైవప్రవక్త (సఅసం) నేర్పారు. ఉస్మాన్ (రజి) అలా చేస్తే అది తొలగిపోయింది.

ప్రదర్శన విషయానికి వస్తే, ఎవరో చూస్తున్నారని నమాజును అందంగా మార్చుకోవడాన్ని దాగిన షిర్క్ (అల్లాహ్‌కు సాటి కల్పించడం) అని హదీసు పేర్కొంది కాబట్టి మీ భయం ఒట్టి అనుమానం కాదు. అయితే దాన్ని సరిదిద్దుకునే దిశ ముఖ్యం. మస్జిదులోని నమాజును ఇంటి వేగానికి దించకండి, ఇంటి నమాజును మస్జిదు నిదానానికి తీసుకురండి. రెండూ సమానమైన రోజున పక్కన ఎవరు నిలబడ్డారన్న తేడా తనంతట తానే పోతుంది. ఫర్జ్ (విధిగా చేయాల్సినవి) తప్ప మిగతా నమాజులు ఇంట్లో చదవడమే ఉత్తమమని బుఖారీలో ఉంది గనుక, సున్నత్ (ప్రవక్త ఆచరించినవి), నఫిల్‌లను (ఐచ్ఛికమైనవి) ఇకపై ఎవరూ లేని గదిలో, తలుపు దగ్గరగా వేసుకొని చదవడం అలవాటు చేసుకోండి.

ప్రశ్న: నాకు పది నెలల పాప ఉంది. నమాజులో నిలబడితే పాప ఏడుపు మీదే ధ్యాస ఉంటుంది. ఇది ఖుషూ లేకపోవడమేనా? – ఒక సోదరి, ఖమ్మం

జవాబు: కాదు. నమాజును సుదీర్ఘంగా చేద్దామని నిలబడి, పసిబిడ్డ ఏడుపు విని, తల్లికి ఇబ్బంది అవుతుందని తగ్గించుకుంటానని దైవప్రవక్త (సఅసం) స్వయంగా చెప్పారు. తన మనవరాలు ఉమామాను ఎత్తుకొనే నమాజు చేయించారు; సజ్దాకు వెళ్లేటప్పుడు దించేవారు, లేచేటప్పుడు మళ్లీ ఎత్తుకునేవారు. కాబట్టి మీరు పొయ్యి కట్టేసి, పాపను కనబడేంత దూరంలో పడుకోబెట్టి, చిన్న సూరాలతో నమాజు ముగించుకోండి. మరీ ఏడిస్తే ఎత్తుకొని చదవవచ్చు. పాపకు నిజంగా ప్రమాదం ఎదురైతే ఫర్జ్ నమాజునైనా సరే మధ్యలో ఆపి, ఆమెను చూసుకొని, తిరిగి మొదటి నుంచి చదవాలి.