కోబాల్ట్ సాలెన్ ఇటుక రంగులోకి రాకుండా గోధుమ రంగు బంకలా ఆగిపోతే

కోబాల్ట్ సాలెన్ (కోబాల్ట్‌కి సాలెన్ అనే సేంద్రియ అణువు అతుక్కున్న పదార్థం) చేస్తుంటే, కోబాల్ట్ అసిటేట్ పోయగానే గోధుమ రంగు బంక వచ్చింది, మాన్యువల్‌లో ఇటుక రంగు స్ఫటికాలని ఉంది, పారబోసి మళ్లీ మొదలుపెట్టాలా అని అడిగారు. పారబోయకండి. ఎమ్మెస్సీలో నేను ఇదే చూసి కంగారుపడి ఒక బ్యాచ్ మొత్తం వేస్ట్ బాటిల్‌లో పోసేశాను. ఆ బంక రావడం తప్పు కాదు, మొదట అదే వస్తుంది.

లిగాండ్ (లోహానికి అతుక్కునే అణువు, ఇక్కడ సాలెన్) దగ్గర పెద్ద ఇబ్బంది ఉండదు. వేడి ఇథనాల్‌లో సాలిసిలాల్డిహైడ్ 2.1 మి.లీ., ఇథిలీన్‌డైఅమీన్ 0.67 మి.లీ. కలిపితే చూస్తుండగానే నిగనిగలాడే పసుపు రేకులు పడతాయి. వడకట్టి, చల్లటి ఇథనాల్‌తో కడిగి ఆరబెడితే సాలెన్ రెడీ.

కష్టమంతా ఆ తర్వాతే. 2.68 గ్రాముల సాలెన్‌కి కోబాల్ట్ అసిటేట్ టెట్రాహైడ్రేట్ 2.49 గ్రాములు, అంటే ఒకటికి ఒకటి. ఆ అసిటేట్‌ని వేడి నీళ్లలో కరిగించి, గాలి తగలకుండా నైట్రోజన్ కింద ఉంచిన సాలెన్ ఫ్లాస్కులో పోయాలి. అప్పుడు పడే గోధుమ రంగు పదార్థంలో అణువుల మధ్య ఆక్సిజన్ దూరేంత సందు ఉంటుంది. 70-80 డిగ్రీల దగ్గర గంటసేపు ఓపిగ్గా కలుపుతూ ఉంటే అణువులు రెండేసి జతకట్టి, ఒకదాని కోబాల్ట్ పక్కదాని సాలెన్‌లో ఉన్న ఆక్సిజన్ పరమాణువుని పట్టుకుంటుంది. ఇటుక రంగు అప్పుడొస్తుంది. ఈ ఘన రూపం గాలిలో పెట్టినా ఆక్సిజన్‌ని పీల్చుకోదు.

రెండోసారి నేను ఓపిక పట్టాను గానీ, భోజనానికి వెళ్లొచ్చేసరికి నైట్రోజన్ బెలూన్ చప్పబడిపోయింది. ఫ్లాస్కులో ఉన్నది నల్లబడి, ఎంత వేడి చేసినా ఎర్రబడలేదు. అందుకే చెబుతున్నా, ఆ గంట పక్కనే ఉండండి. ఎర్రబడ్డాక కూడా ఫ్లాస్కు పూర్తిగా చల్లారేదాకా నైట్రోజన్ తీయొద్దు. ఆ తర్వాతే వడకట్టి నీళ్లతో, ఇథనాల్‌తో కడిగి వాక్యూమ్‌లో ఆరబెట్టండి. కోబాల్ట్ లవణాలు విషం, గ్లవ్స్ తప్పనిసరి.

ఐఆర్‌లో (ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రమ్‌లో) సాలెన్‌కి 1635 సెం.మీ⁻¹ దగ్గర ఉండే కార్బన్-నైట్రోజన్ పీక్ కొంచెం కిందికి జరిగితే కోబాల్ట్ అతుక్కున్నట్టే. అయస్కాంత కొలతలో ఒక్క జతకాని ఎలక్ట్రాన్ కనిపించాలి.

ఇక ఈ ప్రయోగంలో నాకు బాగా నచ్చిన భాగం. జపాన్‌కి చెందిన త్సుమాకి 1938లో ఈ పదార్థం ఆక్సిజన్‌ని పట్టుకుని మళ్లీ వదలగలదని చూపించాడు. హీమోగ్లోబిన్‌కి నమూనాగా దీన్ని చదివేది అందుకే. ఇటుక రంగు పొడిని డీఎంఎస్ఓలో (డైమిథైల్ సల్ఫాక్సైడ్ అనే ద్రావణిలో) కరిగించి ఆక్సిజన్ పంపితే ముదురు గోధుమ రంగు పదార్థం ఏర్పడుతుంది: రెండు కోబాల్ట్‌ల మధ్య ఒక ఆక్సిజన్ అణువు వంతెనలా కూర్చుంటుంది. 0.1 గ్రాము పొడి పట్టుకునేది మూడున్నర మి.లీ. పైచిలుకు మాత్రమే కాబట్టి ఆ ఆక్సిజన్‌ని కొలిచే బ్యూరెట్ (గీతలున్న గొట్టం) రీడింగ్ జాగ్రత్త, మాకు గొట్టంలో లీకుండి ఆరు చూపించింది. ఆ గోధుమ రంగు పదార్థాన్ని వేరు చేసి, టెస్ట్ ట్యూబులో కొంచెం తీసుకుని, కదపకుండా క్లోరోఫాం పోయండి. అడుగునుంచి సన్నటి బుడగలు గొలుసులా పైకి లేస్తాయి, ద్రవం మళ్లీ ఎర్రబడుతుంది.