అందరికీ ఒకటే వెంట్ హెడర్ అయితే సైజు ఎట్ల తీయాలె

బిడ్డా,

నువ్వు పంపిన షీట్ చూసిన, ప్లాంట్ల ఉన్న సేఫ్టీ వాల్వుల (ప్రెషర్ ఎక్కువైతే తెరుచుకునేటివి) లోడ్లన్నీ, అంటే వాటికెళ్లి వచ్చే గ్యాసంతా కూడి 24 ఇంచుల హెడర్ (అన్ని వాల్వుల గ్యాసును కలిపి కొంచవొయ్యే పెద్ద పైపు) తీసినవ్. గట్ల కూడొద్దురా. ముందుగాల ఏవేవి ఒక్కసారే లేస్తయో, అంటే తెరుచుకుంటయో చూడు. కరెంటు పోయిందనుకో, కూలింగ్ వాటర్ పంపులు ఆగుతయ్, కండెన్సర్లు పనిచేయయ్, కాలమ్‌లల్ల ప్రెషర్ పెరిగి నాలుగైదు వాల్వులు కలిసి లేస్తయ్, శానా ప్లాంట్లల్ల సైజును తేల్చేది గీ కేసే. ఫైర్ కేసుల అయితే ఆ జోన్‌ల ఉన్న వెసెల్సే లెక్క. మేడారం జాతరప్పుడు పస్రా రోడ్డు జామ్ అయ్యేది జిల్లల ఉన్న బండ్లన్నిటితోని కాదు కదా, ఒక్కనాడే బయల్దేరినయాటితోని.

లెక్క వాల్వు కాడికెళ్లి మొదలువెట్టకు. ఫ్లేర్ (హెడర్ గ్యాసును కాలవెట్టే గొట్టం) కొనకాడ ఎంత ప్రెషరుంటదో మనకు తెల్సు, ఆడికెళ్లి ఒక్కో ముక్క ఎనకకు వస్తాండు. మ్యాక్ నంబర్ (గ్యాసు వేగం శబ్దం వేగంల ఎంత వంతో చెప్పేది) 0.5 లోపల ఉంటే నాకు నిమ్మళం, కొందరు 0.7 దాకా పోతరు. ఇంకోటి, హెడర్‌కు ఆ కేసుల రావాల్సిన లోడు తీసుకో, టెయిల్‌పైపుకు (వాల్వు కాడికెళ్లి హెడర్ దాకా ఉండే పైపు) మాత్రం వాల్వు రేటెడ్ కెపాసిటీ, అంటే పూరా తెరిస్తే పోయేటంత తీసుకో, ఎందుకంటే స్ప్రింగ్ వాల్వు లేస్తే పూరా లేస్తది.

అసలు లొల్లి బ్యాక్ ప్రెషర్‌తోనే, అంటే వాల్వు బయటి దిక్కు పైపుల ఉండే ప్రెషర్‌తోని. నీ షీట్‌ల 40 బార్ వాల్వు, 3 బార్ వాల్వు ఒకటే హెడర్‌ల ఉన్నయ్. మామూలు వాల్వుకు బిల్టప్ బ్యాక్ ప్రెషర్ (వాల్వు లేచినంక పెరిగేది) సెట్‌ల, అంటే అది లేవాల్సిన ప్రెషర్‌ల 10 శాతం దాటొద్దు, అంటే పెద్దదానికి 4 బార్ దాకా సోయే ఉండది, చిన్నదానికి 0.3 బారే. నీ లెక్కల ఆ జాగల 0.6 ఉన్నది! పైంగ వేరేటివి ముందే లేచి హెడర్‌ల 0.6 ఉంటే, గా చిన్న వాల్వు 3 కాడ లేవది, 3.6 దాకా ఆగుతది, గప్పటికి వెసెల్ సంగతేంది? హెడర్ మొత్తం పెద్దది చేసి పైసలు తగలెయ్యకు. దానికి బెలోస్ వాల్వు (బ్యాక్ ప్రెషర్ ప్రభావం పడకుండ లోపట తిత్తి ఉండేది) పెట్టు, 30 శాతం దాకా సాధారణంగ తట్టుకుంటది, అయినా వెండర్ కర్వు అడుగు. బానెట్ వెంట్‌కు (స్ప్రింగు మీది మూతకున్న రంధ్రం) షిప్పింగ్ ప్లగ్గు అట్లనే ఉంచుతరు కొందరు, అది తీయించు. లేకుంటే తక్కువ ప్రెషర్ వాల్వులకు వేరే హెడర్ గుంజు.

లైను నాకౌట్ డ్రమ్ము (గ్యాసుల ఉన్న ద్రవాన్ని పట్టి ఆపేది) దిక్కు వాలి ఉండాలె, నడిమిట్ల నీళ్లు నిలిచే పాకెట్ ఉండొద్దు. 1984ల భోపాల్ గ్యాసు లీకైనప్పుడు ఫ్లేర్‌కు పోయే పైపు ముక్క రిపేరుకని తీసి ఉండె, గ్యాసుకు ఆ తొవ్వే లేకుండె, గందుకే ఐసొలేషన్ వాల్వులు (లైనును బందువెట్టేటివి) తెరిచి తాళమేసి ఉన్నయా లేదా అని నువ్వే పోయి చూడు.

ఇగ షీట్ మార్చినంక ఐసోమెట్రిక్ డ్రాయింగులు (పైపు పోయే తొవ్వ చూపెట్టేటివి) గూడ పంపు, ఎల్బోలు, అంటే మలుపులు ఎన్నున్నయో చూడకుండ 24కు బదులు 20 ఇంచులు సరిపోతదో లేదో నేను చెప్పలేను.

మీ కాక,
హన్మకొండ