నలభై లక్షలకు ఎన్ని అడుగులు?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా ఆయన గుణుపురంలో పనిచేస్తారు. ఊరి చివర రెండు గుంటల స్థలం కొన్నాం. అది 2,178 చదరపు అడుగులేనని హైదరాబాదులో ఉండే మా మరిది అంటున్నాడు. అమ్మినవాళ్ళు స్థలం అంతకన్నా చాలా ఎక్కువ ఉంటుందని చెప్పారు. పట్టా ఒడియాలో ఉంది. మాకు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. చేతిలో 15 లక్షలు ఉన్నాయి, బ్యాంకు 25 లక్షలు ఇస్తామంది. కిందా పైనా కలిపి 1,800 అడుగుల ఇల్లు అనుకున్నాం. కాంట్రాక్టరు అడుగుకు 1,850 రూపాయలు చెప్పి, ప్లాను ఉచితమంటున్నాడు. ఒక డ్రాఫ్ట్స్‌మన్ 12 వేలకు గీస్తానన్నాడు. బరంపురం ఆర్కిటెక్టు 1,20,000 అడిగారు. మామయ్యగారేమో ముందు వాస్తు పంతులుగారి దగ్గరకు వెళ్ళమంటున్నారు. మేము ఎవరిని పట్టుకోవాలి?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, మీ మరిది లెక్క సరిగ్గానే చేశాడు, కాకపోతే రాష్ట్రం మారిందని మరిచిపోయాడు. తెలంగాణలో నలభై గుంటలు ఎకరం కాబట్టి గుంట 1,089 చదరపు అడుగులు. ఒడిశాలో ఇరవై అయిదు గుంటలకే ఎకరం. ఇక్కడి గుంట 1,742 అడుగుల పైమాటే. మీ రెండు గుంటలు దాదాపు 3,485 చదరపు అడుగులు, అంటే ఎనిమిది సెంట్లు. అయినా నోటి లెక్కలు నమ్మకండి. పట్టాలో ఎకరాలు, డిసిమల్‌లలో రాసి ఉంటుంది. డిసిమల్ అన్నా సెంటు అన్నా ఒకటే. 0.08 అని ఉంటే సరిపోయినట్టు.

ఒడియా చదవగలిగిన వాళ్ళతో ఆ పట్టాలో ‘కిసం’, అంటే భూమి రకం, అన్న గడి కూడా చదివించండి. ‘ఘరబారి’, అంటే ఇంటి స్థలం, అని ఉంటే నిశ్చింత. ‘శారద’ అనో మరో సాగు రకమో ఉంటే అది ఇంకా పొలమే. ఒడిశా భూసంస్కరణల చట్టం 8ఏ సెక్షన్ కింద తహసీల్దారుకు దరఖాస్తు చేసి మార్పించుకోవాలి. ఆ పని కాకుండా మున్సిపాలిటీలో ప్లాను, బ్యాంకులో అప్పు ముందుకు కదలవు. ఆర్కిటెక్టుకు అడ్వాన్సు ఇవ్వడం ఆ తరువాతి మాట.

ఇక డబ్బు. 1,800ని 1,850తో గుణించి 33 లక్షల 30 వేలు అనుకున్నారు కదా, ఇంకా ఆరు లక్షలకు పైగా మిగులుతుందని సంతోషించి ఉంటారు. మిగలదు. కాంట్రాక్టర్లు చెప్పే అడుగు ధరలో ప్రహరీ, గేటు, బోరు, సంపు, సెప్టిక్ ట్యాంకు, కరెంటు కనెక్షను, వంటింటి అరలు సాధారణంగా ఉండవు. పైగా వాళ్ళు కొలిచేది స్లాబు విస్తీర్ణం. బాల్కనీ, పోర్టికో, మేడమెట్ల మీది గది అన్నీ అందులోకే వస్తాయి. మీరు తిరిగే గదుల కొలత వేరు, మీరు డబ్బు కట్టే కొలత వేరు.

లెక్క వెనక నుంచి వేద్దాం. నలభై లక్షల్లో పదో వంతు, అంటే నాలుగు లక్షలు, ముందే తీసి పక్కన పెట్టండి. పునాది తవ్వాక నేల మెత్తగా తేలినా, మధ్యలో ఇనుము ధర పెరిగినా ఆదుకునేది అదే. టైల్సు దుకాణంలో మనసు మారితే మాత్రం దాని జోలికి పోకూడదు. డిజైను, పర్యవేక్షణ కలిపి రెండు లక్షలు. ఇంటి బయటి పనులకు అయిదు లక్షలు. ఎనిమిది సెంట్ల స్థలం చుట్టూ ప్రహరీ అంటే చిన్న పని కాదు, ఒక పక్క ఇప్పుడే కట్టకపోయినా ప్రపంచం మునిగిపోదు. అరలు, ఫ్యాన్లు, దీపాలకు మూడు లక్షలు. మిగిలింది 26 లక్షలు. దాన్ని 1,850తో భాగిస్తే దాదాపు 1,400 అడుగులు. మీ ఇల్లు అంతే. 1,800 అడుగుల ప్లాను గీయించుకుంటే స్లాబు పడేసరికే చేతులెత్తేసే పరిస్థితి వస్తుంది. పైఅంతస్తు తరువాత వేసుకునేలా స్తంభాలకు, పునాదికి ఇప్పుడే బలం పెట్టించుకుంటే కొరత తీరుతుంది. ఈ కోరిక మాత్రం మొదటి రోజే చెప్పాలి, స్తంభాలు లేచాక కాదు.

ఆ 1,850లో జీఎస్టీ ఉందో లేదో కూడా అడగండి. సామగ్రితో సహా కాంట్రాక్టు అయితే 18 శాతం పడుతుంది. సామగ్రి మీరు కొని కూలి మాత్రమే ఇస్తే, సొంతానికి కట్టుకునే విడి ఇంటికి ఆ పన్ను లేదు. సిమెంటు మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకు ముందు రాసిన కొటేషను అయితే మళ్ళీ రాయించండి.

బ్యాంకు మాట ఒక్కటి: ఆ 25 లక్షలు ఒకేసారి చేతికి రావు. ముందు మీ వాటా పెట్టమంటారు, తరువాత పని చూసి విడతలుగా ఇస్తారు. కాబట్టి మీ 15 లక్షలు గేట్లకు, తలుపులకు కాదు, మట్టిలోకి పోయే పనికి.

ఇప్పుడు మీరు అడిగిన మనుషుల సంగతి. నేను బరంపురంలో ఇళ్ళ పనులు చూసే ఇంజనీరును, ఫీజు తీసుకుని బతికేదాన్ని. నా సలహాను ఆ ఎరుకతోనే వినండి. ప్లాను ఉచితమన్న కాంట్రాక్టరు ఆ ఖర్చు ఎక్కడో ఒకచోట రాబట్టుకుంటాడు. అంతకన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, ఎంత ఇనుము వేయాలో నిర్ణయించేవాడూ, ఇనుము తగ్గితే మిగుల్చుకునేవాడూ ఒక్కడే అవుతాడు. అతను దొంగ అని కాదు, అతన్ని చూసుకునే మనిషి మీ వైపు ఒకరు ఉండాలని.

డ్రాఫ్ట్స్‌మన్ 12 వేలకు ఇచ్చేది అనుమతి కోసం గీసే బొమ్మ. అందులో గదుల కొలతలు ఉంటాయి. పునాది గుంత ఎంత లోతు, స్తంభంలో ఎన్ని ఊచలు, బీముకు రింగులు ఎంత దూరంలో అన్నవి ఉండవు. అవి లేకపోతే మేస్త్రీ తనకు అలవాటైనట్టు వేస్తాడు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను మీ గజపతి జిల్లాను ఎలా ఊపేసిందో మీకు నేను చెప్పాలా? గాలికి, నీటికి నిలబడే లెక్క వేసి సంతకం పెట్టే మనిషి కావాలి.

ఆర్కిటెక్టు దగ్గరకే వెళ్ళండి, కానీ వివరాలు రాబట్టాక. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవాళ్ళే తమను ఆర్కిటెక్టు అని చెప్పుకోవాలి. నమోదు సంఖ్య సీఏ అన్న అక్షరాలతో మొదలవుతుంది. అడిగి తీసుకుని కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. 26 లక్షల పనికి 1,20,000 అంటే నాలుగున్నర శాతం పైచిలుకు. అందులో స్ట్రక్చరల్ డ్రాయింగులు (పునాది, స్తంభాలు, బీముల్లో ఇనుము లెక్క చూపే బొమ్మలు), కరెంటు పాయింట్లు, నీటి పైపుల దారులు, తలుపులు కిటికీల పట్టిక అన్నీ ఉంటే, పునాది ఇనుము కట్టినప్పుడు, పునాది పైన గోడల కింద వచ్చే ప్లింత్ బీమ్ దగ్గర, స్లాబు పోయడానికి ముందు వచ్చి చూస్తానని రాసిస్తే, అది న్యాయమైన ధరే. బరంపురం నుంచి రావడం కుదరదంటే ఆ ఫీజు కొంత తగ్గించమని, మిగిలిన దానితో మీ ఊరి ఇంజనీరును పని దగ్గర పెట్టుకోండి. రెండు లక్షలు అన్నది అందుకే. ఫీజు పని దశలను బట్టి ఇవ్వండి. ఎవరి సంతకం చెల్లుతుందో మున్సిపాలిటీలో ముందే కనుక్కోండి.

వాళ్ళ ఫోటోల ఆల్బమ్ చూడకండి. అయిదేళ్ళ కిందట కట్టించిన ఇల్లు ఒకటి చూపించమని, వానాకాలంలో వెళ్ళండి. పిట్టగోడ కింద చెమ్మ మరక ఉందా, బాత్రూం నీరు గుమ్మం వైపు పారుతోందా చూసి, ఆ ఇంటావిడను మొదట చెప్పిన ఖర్చెంత, చివరికి అయిందెంత అని అడగండి. ఆవిడ దాచదు.

మామయ్యగారి మాట కాదనకండి. పంతులుగారినీ ఆర్కిటెక్టునూ ఒకే రోజు స్థలం దగ్గర నిలబెట్టండి. వంటిల్లు ఆగ్నేయమా, మెట్లు ఎటు అన్నది ఆ రోజే తేల్చుకుని కాగితం మీద రాసుకోండి. పునాది పడ్డాక ఎవరు ఏం చెప్పినా నవ్వి టీ ఇచ్చి పంపండి.

స్లాబు పోసే రోజు ఉదయం మీరే సెంట్రింగ్ ఎక్కి చూడండి. ఊచలు చెక్క మీద ఆనకూడదు, కింద ఊచలను ఎత్తి పట్టే 20 మిల్లీమీటర్ల కవర్ బ్లాకులు (చిన్న సిమెంటు దిమ్మలు) ఉండాలి. వాటికి బదులు కంకర రాళ్ళు దోపితే తీయించండి. స్తంభాలకైతే 40 మిల్లీమీటర్లు. పోసిన తరువాత, పీపీసీ (బూడిద వంటివి కలిపిన రకం) సిమెంటు అయితే కనీసం పది రోజులు నీరు నిలపాలి. ఆ పది రోజులూ పండుగలు వచ్చాయని మేస్త్రీ మాయమైతే, పైపు పట్టుకునే పని మీదే.

ప్రశ్న: ఆర్కిటెక్టు ఫీజు శాతంలో మేలా, మొత్తంగా మేలా? ఒకాయన అయిదు వేలకే రంగుల త్రీడీ బొమ్మ కూడా ఇస్తానంటున్నారు.
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: శాతం అయితే మీ ఖర్చు పెరిగినప్పుడల్లా ఆయన ఫీజు కూడా పెరుగుతుంది. చిన్న ఇంటికి మొత్తంగా మాట్లాడుకుని, మార్పులు ఎన్నిసార్లు ఉచితమో రాయించుకోండి. త్రీడీ బొమ్మ చూడటానికి బాగుంటుంది, బంధువులకు ఫోనులో పంపవచ్చు. కానీ కిటికీ మీద సన్‌షేడ్ ఎన్ని అడుగులు బయటికి రావాలో, మేడ మీది నీరు ఏ పైపులో దిగాలో అది చెప్పదు. ఆ అయిదు వేలతో మట్టి పరీక్ష అవుతుందేమో ముందు కనుక్కోండి.